నాలుగో ఋణం

శుక్రవారం సాయంత్రం ఏడు దాటాక హైటెక్ సిటీ రోడ్ల మీద రెండు రకాల కార్లు కనిపిస్తాయి. ఇంటిదారి పట్టేవి కొన్ని, ఊరు దాటేవి కొన్ని. సోమవారం సెలవు కలిసొచ్చిన వారమైతే రెండో రకమే ఎక్కువ. డిక్కీ నిండా బ్యాగులు, వెనక సీట్లో పిల్లలు, స్టీరింగు పక్కన ఫోన్లో దారి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల నుంచి ఔటర్ రింగ్ రోడ్డెక్కి, విజయవాడ హైవే మీదుగా రాజమండ్రి, విశాఖ దాటి, శృంగవరపుకోట దగ్గర ఘాట్ మొదలుపెట్టి అరకు చేరేవాళ్లు అందులో తక్కువేమీ కాదు. సుమారు 700 కిలోమీటర్ల ప్రయాణం. అరకులోనో అనంతగిరిలోనో పాడేరులోనో వీళ్లలో చాలామందికి తెలిసినవాళ్లుంటారు. హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్లు గడిపినవాడు అక్కడి బ్యాంకులో పనిచేస్తుంటాడు, చిన్ననాటి స్నేహితురాలు అక్కడి బడిలో టీచరుగా ఉంటుంది, మరొకరు రైల్వే క్వార్టర్సులో ఉంటారు. ప్రయాణం ఖాయమవగానే ఇంట్లో ఒక మాట వస్తుంది: "వాళ్లింట్లో ఎందుకులే, పాపం వాళ్లకు శ్రమ. రిసార్టులో రూమ్ తీసుకుందాం. ఒక పూట వాళ్లనే భోజనానికి పిలిస్తే సరి." వినడానికి ఎంతో మర్యాదగా ఉన్న మాట ఇది. ఆ మర్యాదలో ధర్మం ఉందా, లేక ధర్మాన్ని తప్పించుకునే దారి ఉందా అన్నది ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్న. ఎక్కడ పడుకోవాలన్న చిన్న విషయానికి ధర్మం దాకా ఎందుకని అనిపించవచ్చు. కానీ మన పెద్దలు ధర్మాన్ని ఎక్కువగా ఆలోచించింది అన్నం, నీళ్లు, పడక లాంటి చిన్న విషయాల దగ్గరే.

మనిషి మూడు ఋణాలతో పుడతాడని మన ఇళ్లల్లో తరచూ వింటాం. దేవ ఋణం యజ్ఞంతో, ఋషి ఋణం చదువుతో, పితృ ఋణం సంతానంతో తీరతాయని చెబుతారు. శతపథ బ్రాహ్మణం మూడుతో ఆగలేదు. సాటి మనుషులకు కూడా మనం ఋణపడే పుట్టామని, ఇంటికి వచ్చినవారికి చోటిచ్చి అన్నం పెట్టడం ద్వారా అది తీరుతుందని నాలుగో ఋణాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. తర్వాతి కాలంలో మూడు ఋణాల మాటే నిలిచింది, నాలుగోది వాడుకలో మరుగున పడింది. ఆ మరుగున పడినదాన్ని కాస్త వెలుగులోకి తెచ్చి చూస్తే మన ప్రశ్న రూపమే మారిపోతుంది. అన్నం పెట్టడం దయ అయితే, తినేవాడు దయ అందుకున్నవాడవుతాడు, కాస్త తలదించుకోవాలి. అన్నం పెట్టడం ఋణం తీర్చుకోవడమైతే, తినేవాడు ఆ ఋణం తీరడానికి ఆధారమవుతాడు. అతను రాకపోతే ఆ ఇంటి ఋణం ఆ పూటకు అలాగే మిగిలిపోతుంది. "నీకు శ్రమ ఎందుకులే" అని స్నేహితుడి గడప తొక్కకుండా రిసార్టుకు వెళ్లేవాడు తెలియకుండానే రెండు పనులు చేస్తున్నాడు. స్నేహితుడి ఋణం తీరనివ్వడం లేదు, తాను అతనికి ఋణపడడానికీ ఒప్పుకోవడం లేదు. స్నేహితుడి ఇంట్లో దిగడం ఖర్చు తగ్గించుకునే ఉపాయం కాదు, అహంకారం తగ్గించుకునే సాధన అని నా వాదన. దూర ప్రయాణంలో పుణ్యమంటూ ఏదైనా ఉంటే అది ముఖ్యంగా అక్కడే ఉంది.

ఈ వాదనకు శాస్త్రం ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. అతిథిని దేవుడిగా చూడమని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి చెప్పాడు. కఠోపనిషత్తులో నచికేతుడు మూడు రాత్రులు తిండి లేకుండా తన వాకిట ఉండిపోయాడని యముడంతటివాడు కలవరపడి, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. ఇవి అందరికీ తెలిసినవే. ఎవరూ పెద్దగా పట్టించుకోని మాట ఒకటి మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉంది. అక్కడ స్నేహితుణ్ని అతిథిగా లెక్కించలేదు. బంధువులు, గురువు కూడా ఆ జాబితాలో లేరు. అతిథికి పూజ ఉంది, విధి ఉంది, వరస ఉంది. ప్రేమతో ఇంటికి వచ్చిన స్నేహితుడికి మాత్రం ఉన్నంతలో మంచి భోజనం, ఇల్లాలి భోజనంతో పాటు పెట్టమని ఆ తర్వాత కొద్ది దూరంలోనే వచ్చే శ్లోకం చెబుతుంది. అతిథులంతా తిన్నాక ఇంటివాళ్లు తినడం అప్పటి పద్ధతి. అంటే స్నేహితుడు వచ్చినప్పుడు కూర్చునేది అతిథి పీట మీద కాదు, ఇంటివాళ్ల పంక్తిలో. అతని కోసం ఇల్లు వేరే వేషం వేసుకోనక్కర్లేదు. కలో గంజో, ఆ పూట ఇంట్లో వండిందే అతని విస్తట్లో పడుతుంది. "వాళ్లకు శ్రమ" అనుకునేవాళ్లు స్నేహితుణ్ని అతిథి చేసేస్తున్నారు. ముందు అతన్ని పరాయివాణ్ని చేసి, ఆ తర్వాత పరాయివాణ్ని కష్టపెట్టకూడదని జాలిపడుతున్నారు.

ఇక ప్రయాణం సంగతి. కొండల్లోకి, నదుల దగ్గరికి వెళ్తే మనసు శుభ్రపడుతుందన్నది మన దేశంలో చాలా పాత నమ్మకం. తీర్థయాత్ర అంతా దాని మీదే నిలబడింది. కానీ ఆ సంప్రదాయంలోనే మరో స్వరం కూడా ఉంది. మహాభారతం అనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు తీర్థాల గురించి చెబుతూ సత్యం, ఓర్పు, ఇంద్రియ నిగ్రహం లాంటి మానస తీర్థాలకే పెద్దపీట వేశాడు. భాగవతంలో విదురుడు తీర్థయాత్రలు ముగించుకుని హస్తినాపురానికి వచ్చినప్పుడు ధర్మరాజు, మీలాంటివాళ్లే తీర్థాలు, మీరు వెళ్లబట్టే ఆ చోట్లకు తీర్థత్వం వచ్చింది అన్న అర్థంలో స్వాగతం చెప్పాడు. చోటుకు పవిత్రత మనిషి నుంచి వస్తుందన్న మాట ఇది. తెలుగు భాష కూడా ఈ సంగతిని తన తీరులో దాచిపెట్టుకుంది. పెద్దమ్మను చూసి వచ్చాం, ఫలానా వాళ్లబ్బాయిని చూడ్డానికి వెళ్లాం అంటాం. ఒకరింటికి వెళ్లి రెండు రోజులుండి రావడాన్ని చుట్టపుచూపు అన్నాం. మన వాడుకలో ప్రయాణం చేసి చూడాల్సింది మొదట మనిషిని. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య ఆ దారి పొడుగునా చూసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే స్నేహితుడికి రాస్తూ పోయాడు. తెలుగులో తొలి గొప్ప యాత్రాగ్రంథం కాశీయాత్ర చరిత్ర అలా పుట్టింది. ఆ పుస్తకం చదివే మనకు కాశీ కనిపిస్తుంది నిజమే, కానీ ప్రతి మజిలీలో రాసేవాడి మనసులో ఉన్నది ఒక స్నేహితుడి ముఖం.

ఇప్పుడు అరకు దాకా వెళ్దాం. విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి తూర్పు కనుమలను చీల్చుకుంటూ ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్లు సాగే కేకే లైను 1960ల్లో పడింది. యాభైకి పైగా సొరంగాలు, లోయల మీద వంతెనలు, ఒక పక్క కొండ గోడ, ఒక పక్క అగాధం. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషనుగా దానికి పేరు. ఇంత కష్టపడి ఈ పట్టాలు వేసింది కొండల అందం చూపించడానికి కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి. నేటికీ ఆ దారి అసలు పని ఖనిజం మోయడమే. శిమిలిగూడ ప్లాట్‌ఫాం మీద కాసేపు నిలబడితే చాలు, లెక్క కళ్లకు కడుతుంది. కొండెక్కే గూడ్సు పెట్టెలు ఖాళీగా డబడబలాడుతూ పోతాయి. కొండ దిగేవి ఖనిజంతో నిండి, బరువుకు బ్రేకులు కీచుమంటుండగా నెమ్మదిగా జారుతూ వస్తాయి. 2017లో అదే పట్టాల మీద అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె వచ్చింది. దాంట్లో కూర్చున్నవాళ్లకు సొరంగాలు, జలపాతాలు, పొగమంచు అన్నీ కనిపిస్తాయి. ఆ అందం నిజమైనదే, దాన్ని చూసి మురిసిపోవడంలో తప్పేమీ లేదు. కానీ పైకి ఖాళీగా వెళ్లి కిందికి నిండుగా దిగే ఆ గూడ్సు నడక మన సెలవుల ప్రయాణానికి కూడా అంటుకుందేమో ఆలోచించాలి. ఖాళీ చేతులతో కొండెక్కుతాం. ఫోటోలు, కాఫీ పొట్లాలు, బొంగు చికెన్ రుచి నింపుకుని దిగుతాం. మనం వెళ్లిన చోట మన జాడ, మన మాట, మన మీద ఎవరికైనా మిగిలిన బాకీ ఏదీ ఉండదు.

తెలుగు కవిత్వంలో ఇలాంటి సెలవు ప్రయాణం చేసిన తొలి పాత్ర బహుశా ప్రవరుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అతను గొప్ప ఆతిథేయుడు. ఊళ్లు తిరిగొచ్చిన వాళ్లెవరు కనిపించినా ఇంటికి పిలిచి అన్నం పెట్టి, వాళ్లు చూసిన చోట్ల కబుర్లు అడిగి వినేవాడు. అలా వచ్చిన సిద్ధుడొకడు కాళ్లకు పసరు పూస్తే హిమాలయం మీదికి వెళ్లాడు. చూసి వెంటనే ఇంటికి రావాలన్నది అతని ఉద్దేశం. మంచుకు పసరు కరిగిపోయింది, దారి మూసుకుపోయింది. ఇంటి దగ్గర ప్రవరుడికి లోటు లేదు, ఎందుకంటే అక్కడ అతను మనుషుల మధ్య ఉన్నాడు. హిమాలయం మీద అతనికి తెలిసినవారు లేరు, అందుకే ఆ కొండ అంతటి అందంతోనూ అతనికి బందిఖానా అయింది. దీనికి ఎదురుగా కుచేలుణ్ని నిలబెట్టి చూడండి. అతను ద్వారక అందం చూడ్డానికి బయల్దేరలేదు, స్నేహితుణ్ని చూడ్డానికి బయల్దేరాడు. చిరుగు గుడ్డలో మూటగట్టిన అటుకులతో వెళ్లాడు. ఏమీ అడగకుండానే తిరిగొచ్చాడు. స్నేహితుడి ఇంట్లో ఎలా ఉండాలో చెప్పే కథ మనకు ఇంతకంటే స్పష్టమైనది లేదు: ఉన్నదాంట్లో ఏదో ఒకటి చేతపట్టుకుని వెళ్లాలి, పెట్టింది తినాలి, అడగకుండా రావాలి.

కుచేలుడు పేదవాడు, కృష్ణుడు రాజు. నేటి పరిస్థితి దీనికి తలకిందులు, హైటెక్ సిటీ జీతగాడు కలిగినవాడు, కొండ మీది స్నేహితుడు చిన్న ఉద్యోగి, కలిగినవాడు వెళ్లి చిన్న ఇంట్లో దిగితే అది భారమవుతుంది కదా అనవచ్చు. ఆ ప్రశ్నకు కూడా జవాబు కృష్ణుడి దగ్గరే దొరుకుతుంది. ఉద్యోగ పర్వంలో రాయబారానికి హస్తినాపురం వచ్చినప్పుడు దుర్యోధనుడు అతనికి ఘనమైన విడిది, విందు సిద్ధం చేయించాడు. కృష్ణుడు వద్దన్నాడు. ఒకరి అన్నం ప్రేమ ఉంటే తినాలి, లేదా ఆపదలో ఉంటే తినాలి, నీకు నా మీద ప్రేమ లేదు, నేను ఆపదలోనూ లేను అన్న అర్థం వచ్చేలా కారణం కూడా చెప్పాడు. వెళ్లి విదురుడి ఇంట్లో దిగాడు. రాజభవనాన్ని కాదని అతను ఆ ఇల్లు ఎంచుకోవడంలో పొదుపు లేదు, ఆర్భాటమైన వినయమూ లేదు. అన్నానికి అతను పెట్టిన కొలత ప్రేమ ఒక్కటే. ఆ కొలతతో చూస్తే ఏ రిసార్టు పళ్లెమూ చెడ్డది కాదు. కానీ అది ప్రేమతో పెట్టింది కాదు, ఆపదలో తిన్నదీ కాదు, కొనుక్కున్నది. కొనుక్కున్న అన్నంతో కడుపు నిండుతుంది, లెక్క అక్కడితో ముగుస్తుంది. విదురుడింట తిన్న అన్నం లెక్క మాత్రం ఎప్పటికీ ముగియదు, ముగియకపోవడమే ఆ బంధానికి ప్రాణం.

లెక్క ముగించడం మీద మనకు ఇంత మోజు ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడానికి సైబరాబాదే మంచి ఉదాహరణ. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఇక్కడికి వచ్చి చేరినవాళ్లలో ఎక్కువమంది ఊరు వదిలి వచ్చినవాళ్లే. పక్కింటివాళ్లు ఎవరో తెలియని చోట బతకాలంటే ఎవరికీ బాకీ లేకుండా ఉండడమే క్షేమం అనిపిస్తుంది. నలుగురు కలిసి టీ తాగితే నలుగురి వాటా ఫోన్లో ఎవరిది వారికి అక్కడికక్కడే చేరిపోతుంది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను వచ్చినవాళ్ల పేరు, ఫ్లాటు నంబరు అడిగి, పైనుంచి అనుమతి వచ్చాకే గొలుసు దించుతాడు. భద్రత కోసం అది కావాలి, తప్పు పట్టడానికి లేదు. కానీ అతిథి అన్న మాటకు తిథి చూసుకోకుండా వచ్చేవాడని ఒక అర్థం చెబుతారు. నోటిఫికేషన్ లేకుండా ఎవరూ రాలేని ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నవాడికి, తాను కూడా ఎవరింటికైనా ఊరికే వెళ్లవచ్చునన్న ధైర్యం మెల్లగా సన్నగిల్లుతుంది. "వాళ్లకు శ్రమ" అన్న మాట అక్కడినుంచి పుడుతుంది. అందులో నిజంగా స్నేహితుడి మీద ఉన్న శ్రద్ధ కొంత, తన గదికి తానే తాళం వేసుకునే అలవాటు కొంత. రెండోదాన్ని మొదటిదిగా భ్రమపడడం వల్లే చిక్కంతా.

ఈ వాదనకు అన్నిటికంటే బలమైన అభ్యంతరం వంటింటి నుంచి వస్తుంది. అతిథి ధర్మమని మగవాళ్లు పుణ్యం మూటగట్టుకుంటే పొయ్యి దగ్గర ఉడికిపోయింది ఆడవాళ్లే కదా? కాదనడానికి వీల్లేదు. అరణ్యవాసంలో ద్రౌపది భోజనం ముగించి అక్షయపాత్ర కడిగేశాక దుర్వాసుడు శిష్యగణంతో వచ్చిపడ్డాడు. ఆ కథలో హడలిపోయింది ద్రౌపది. శ్రీనాథుడి హరవిలాసంలోని చిరుతొండ నంబి కథలో అతిథి కోరిక కన్నబిడ్డ దాకా వెళ్లింది. మన కథలు ఆతిథేయుడికి పరీక్ష మీద పరీక్ష పెట్టాయి, అతిథికి మాత్రం పరీక్ష పెట్టినవి చాలా తక్కువ. ఇది మన సంప్రదాయంలోని నిజమైన లోటు. దీనికి విరుగుడు వెళ్లడం మానేయడమా, వెళ్లే తీరు మార్చుకోవడమా? మానేస్తే ఆ ఇల్లాలికి పని తగ్గుతుంది, కానీ ఆమె స్నేహితురాలు కూడా ఆమెకు దూరమవుతుంది. తీరు మార్చుకుంటే పని పంచుకోబడుతుంది, మనుషులూ మిగులుతారు. స్నేహితుణ్ని ఇంటివాళ్ల పంక్తిలో కూర్చోబెట్టమన్న పాత మాటకు నేటి అర్థం ఇదే: ఇంటివాడైనవాడు కూరగాయలు తరుగుతాడు, గిన్నెలు కడుగుతాడు, పిల్లల్ని బడి దగ్గర దింపి వస్తాడు. మగవాడైతే ముందుగా అతనే ఈ పనులకు లేవాలి. కూర్చుని వడ్డించుకునేవాడికి ఋణం పెరుగుతుంది. పక్కన నిలబడి పని చేసేవాడు ఋణాన్ని స్నేహంగా మార్చుకుంటాడు.

రెండో అభ్యంతరం కులం నుంచి. స్నేహితుణ్ని అతిథి జాబితాలోంచి తీసేసిన ఆ మనుస్మృతి శ్లోకమే బ్రాహ్మణుడి ఇంట్లో క్షత్రియ, వైశ్య, శూద్రులు అతిథులు కారని కూడా చెప్పింది. పంక్తి అన్న మాటే ఈ దేశంలో ఎందరినో బయట నిలబెట్టిన మాట. అలాంటి గ్రంథాన్ని ఆధారంగా చూపడం సబబేనా అని అడిగేవారికి నా జవాబు ఇది. ఆ శ్లోకంలోని గోడల్ని నేను మోయడం లేదు. ఆ గోడల మధ్యనే, స్నేహితుణ్ని లాంఛనాల వరసలో కాక ఇంటి పంక్తిలో కూర్చోబెట్టమన్న చిన్న తలుపు ఒకటుందని చూపిస్తున్నాను. ఆ తలుపును ఇప్పుడు అందరికీ తెరవడమే మన పని. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ కుటుంబాల్లో పుట్టి, చదువుకుని, మైదానంలో మనతో కలిసి హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎందరో ఉన్నారు. క్యాంటీన్లో పక్కపక్కన తిన్నవాళ్లం అతని ఊరికి వెళ్లినప్పుడు అతని ఇంట్లో తినకుండా రిసార్టుకు పోతే, శ్రమ తప్పించామని మనమనుకుంటాం. అతని తల్లి మాత్రం వేరే కారణం అనుకోవచ్చు. వందల ఏళ్ల చరిత్ర ఆమెకు ఆ అనుమానానికి హక్కు ఇచ్చింది. అలాంటి చోట గడప దాటి పీట వేసుకుని కూర్చుని తినడమే నోటి మాటకు మించిన సమాధానం.

మూడో అభ్యంతరం బతుకుతెరువు గురించి. పర్యాటకుల డబ్బుతోనే కదా ఇప్పుడు కొండ మీద ఎన్నో ఇళ్లు గడుస్తున్నది, అందరూ స్నేహితుల ఇళ్లల్లో దిగితే వాళ్లకు నష్టం కాదా? ఇందులో నిజముంది. గిరిజనుల దగ్గర కాఫీ, పసుపు, మిరియాలు కొనాలి, వాళ్లు నడిపే బసల్లో డబ్బు కట్టి ఉండాలి. కానీ ఆ ప్రాంతపు చరిత్ర బయటివాళ్ల రాకపోకలను కాస్త జాగ్రత్తగా చూడమంటోంది. బయటి నుంచి వచ్చినవాడు స్థిరపడి భూమి లాక్కోవడం ఏజెన్సీలో ఎంతగా జరిగిందంటే, గిరిజనేతరులకు అక్కడి భూమి చెందకుండా 1970లో ఒకటి బై డెబ్భై చట్టం తేవాల్సి వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గనుల లీజుల నుంచి మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. అతిథికి మనువు పెట్టిన హద్దు ఒక్క రాత్రి. జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాస్తూ ఇంచుమించు ఇదే గీత గీశాడు: పరాయి నేల మీద అడుగు పెట్టినవాడికి శత్రువుగా చూడబడకుండా ఉండే హక్కు ఉంది, అక్కడ ఇంటివాడిగా ఉండే హక్కు మాత్రం లేదు, అది ఆ ఇంటివాళ్లు ప్రేమతో ఒప్పుకుంటేనే దక్కుతుంది. డబ్బు కట్టినవాడికి ఒక హక్కు వస్తుంది, కొండ తనకోసమే ఉందన్న భావమూ దాని వెంట వస్తుంది. స్నేహితుడి ఇంట్లో దిగినవాడికి ఆ హక్కు ఉండదు. అతను ఎవరి అనుమతితో అక్కడ ఉన్నాడో ప్రతి పూటా అతనికి గుర్తుంటుంది. ఆ గుర్తు ఉన్నవాడు లోయలో సీసాలు విసరడు.

నాలుగోది కాలం మారిందన్న అభ్యంతరం. ఇళ్లు చిన్నవి, బాత్రూం ఒకటే, అందరికీ ఉద్యోగాలు, మాట్లాడాలంటే వీడియో కాల్ ఉంది. ఇళ్లు చిన్నవన్నది నిజం, అందుకే హద్దులు కావాలి. ఆతిథ్యం మూడు రోజులని, ఇంటివాళ్లకు ఇబ్బంది కలిగేదాకా ఉండిపోకూడదని ఇస్లాం ప్రవక్త చెప్పారని హైదరాబాదులో ఎన్నో ఇళ్లల్లో పెద్దవాళ్లు గుర్తుచేస్తారు. మన చుట్టపుచూపు కూడా అంతే, పేరుకు తగ్గట్టు చూసి రావడమే. వీడియో కాల్ సంగతికి వస్తే, స్నేహం గురించి లోతుగా రాసిన అరిస్టాటిల్ ఒక తేడా చెప్పాడు. దూరం స్నేహాన్ని చంపదు, స్నేహంగా మెలగడాన్ని ఆపుతుంది, అది మరీ ఎక్కువకాలం సాగితే స్నేహమే మరుపున పడుతుంది. స్నేహితులుగా మెలగడమంటే మాట్లాడుకోవడం ఒక్కటే కాదు. పొద్దున్నే ఒకే కిటికీలోంచి మంచు కరగడం చూడడం, అతని పిల్లవాడు హోంవర్కు దగ్గర ఏడవడం వినడం, అతని తండ్రి మందుల డబ్బా ఎక్కడ పెడతారో తెలుసుకోవడం. ఇవి తెలియనివాడికి స్నేహితుడి పాత ముఖం తెలుసు, ఇప్పటి బతుకు తెలియదు. రిసార్టు నుంచి వచ్చి ఒక పూట భోజనం పెట్టించి వెళ్లేవాడికి దొరకనిది ఇదే.

అందువల్ల ఈ కాలానికి కావలసింది అతిథి ధర్మం, అంటే అతిథి పాటించాల్సిన ధర్మం. దానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. వారం ముందే ఫోన్ చేసి, వద్దనడానికి కూడా వీలుండేలా అడగాలి. వద్దంటే నొచ్చుకోకుండా గది తీసుకోవాలి. రెండు రాత్రులకు మించి ఉండకూడదు. ఖాళీ చేతులతో కొండెక్కకూడదు. ఆవకాయ జాడీ కావచ్చు, పిల్లలకు పుస్తకాలు కావచ్చు, వాళ్ల అమ్మగారికి హైదరాబాదులో మాత్రమే దొరికే మందు కావచ్చు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు, ఆ ఇంటి గోడలు, పడక, కూర గురించి ఎక్కడా మార్కులు వేయకూడదు. వచ్చేటప్పుడు వాళ్లను మనింటికి పిలవాలి, పిలిచి వదిలేయకుండా తేదీ అడిగి రప్పించాలి. ఆ రోజు గేటు దగ్గరకు మనమే వెళ్లి నిలబడాలి. ఈ ధర్మం రోడ్డు మీద కూడా వర్తిస్తుంది. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో అరకు దారుల్లో గిరిజన మహిళలు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, పాడుతూ బండ్లు ఆపి డబ్బులు అడుగుతారు. హారన్ కొట్టి విసుక్కునేవాడికి అది అడ్డంకి. తాను ఒక ఇంటి వాకిట ఉన్నానని తెలిసినవాడికి అది పండుగ పిలుపు. దిగి, నమస్కారం పెట్టి, చేతనైనంత ఇచ్చి, వాళ్లు తాడు దించాక ముందుకు సాగుతాడు.

ఋణం లేని బతుకు గొప్పదని బ్యాంకుల విషయంలో అనుకుంటే మంచిదే. మనుషుల విషయంలో అది ఒంటరి బతుకు. శతపథ బ్రాహ్మణం చెప్పిన నాలుగో ఋణం ఒకసారి తీరి పోయేది కాదు. ఒక ఇంట్లో తీరిన క్షణాన మరో ఇంట్లో మొదలవుతుంది, అలా గడప నుంచి గడపకు తిరుగుతూ ఉండడమే దాని ప్రయోజనం. కొండకు అందం ఎప్పుడూ ఉంటుంది, రైలూ ఉంటుంది, రిసార్టులూ ఉంటాయి. అక్కడున్న స్నేహితుడు మాత్రం బదిలీ అయి వెళ్లిపోవచ్చు, మీ మధ్య మాటలు తగ్గిపోవచ్చు. కాబట్టి వచ్చే సెలవులకు అరకు అనుకున్నప్పుడు గది ఖాళీ ఉందా అని ఫోన్లో వెతకడానికి ముందు ఆ స్నేహితుడి నంబరు తీయండి. "రెండు రోజులు మీ ఇంట్లో ఉంటాం, వీలవుతుందా?" అని అడగండి.